జాంగ్ సుల్గి: ఈ కొరియా లెఫ్ట్ బ్యాక్ (ఎడమ వైపు డిఫెండర్) గురించి మనం ఎందుకు మాట్లాడుకోవడం లేదు?

విశాఖ లెఫ్ట్ బ్యాక్ | 17 జులై 2025

నిన్న రాత్రి సువాన్‌లో దక్షిణ కొరియా అమ్మాయిలు చైనీస్ తైపీని 2-0తో ఓడించి తూర్పు ఆసియా ఛాంపియన్‌షిప్ గెలిచారు. 2005లో ఈ టోర్నీ మొదలైన ఏడాది గెలిచారు, మళ్లీ ఇప్పుడే. మధ్యలో 20 ఏళ్లు. 70వ నిమిషంలో జీ సోయున్ పెనాల్టీ కొట్టింది, పొద్దున్నుంచి ఎక్కడ చూసినా ఆమె ఫొటోలే. ఇంగ్లండ్ క్లబ్ చెల్సీలో అన్నేళ్లు ఆడిన ప్లేయర్, ఆమె గురించి మాట్లాడుకోవాల్సిందే, నాకూ ఇష్టమే.

కానీ 85వ నిమిషంలో రెండో గోల్ కొట్టి మ్యాచ్‌ను ఖాయం చేసింది జాంగ్ సుల్గి. అంతకు వారం ముందు చైనాతో 2-2 డ్రాలో కొరియా మొదటి గోల్ కూడా ఆమెదే. టోర్నీ ఉత్తమ ప్లేయర్ అవార్డు కూడా ఆమెకే వచ్చింది. ఏళ్ల తరబడి లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిన మనిషి!

నేను ఆమెను 2018 నుంచి చూస్తున్నాను. కాలేజీ టీమ్‌లో నన్ను లెఫ్ట్ బ్యాక్‌లో నిలబెట్టినప్పుడు, ఆ స్థానంలో ఎలా ఆడాలో నేర్చుకోవడానికి వీడియోలు వెతికితే ఈమె దొరికింది. ఆ తర్వాత వెనక్కి వెళ్లి ఆమె పాత మ్యాచ్‌లన్నీ చూశాను. నాకు ఒక విషయం గట్టిగా అనిపిస్తుంది: గత 15 ఏళ్లలో కొరియా మహిళల ఫుట్‌బాల్ ఎటు తిరగాలో తేలిన ప్రతి చోటా ఈమె కాలు ఉంది. 2010లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్, 2017లో ప్యాంగ్‌యాంగ్, 2018లో అమ్మాన్, నిన్న సువాన్. మీరందరూ ఏమంటారు? తెలుగులో ఈమె గురించి ఒక్క ముక్క కూడా కనిపించలేదు, అందుకే ఈ చర్చ మొదలుపెట్టాను.

సువాన్ తెలుగోడు | 17 జులై 2025

చెల్లీ, నిన్న నేను స్టేడియంలోనే ఉన్నాను. ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాను. 40 వేల పైచిలుకు మంది పట్టే స్టేడియం, సీట్లు చాలావరకు ఖాళీ. కానీ వచ్చినవాళ్లు మాత్రం గొంతు చించుకుని అరిచారు.

టెన్షన్ ఎందుకంటే, అదే రోజు ముందు జరిగిన చైనా, జపాన్ మ్యాచ్ 0-0తో ముగిసింది. అంటే కొరియా గెలిస్తే కప్పు, గెలవకపోతే లేదు. మొదటి సగం అయ్యేసరికి గోల్ లేదు. పక్క సీట్లో ఉన్న పెద్దాయన సెకండ్ హాఫ్ అంతా నిలబడే చూశాడు. పెనాల్టీ పడ్డాక కూడా కూర్చోలేదు. సుల్గి గోల్ పడ్డాకే కూర్చున్నాడు. ఆమె గోల్ విలువ నాకు అక్కడ అర్థమైంది. 1-0 ఉన్నంతసేపూ ఎవరికీ ఊపిరి ఆడలేదు.

పాత గోలీ | 17 జులై 2025

అమ్మా, నువ్వు రాసింది బాగుంది. కానీ నాకో అభ్యంతరం ఉంది. డిఫెండర్ గొప్పతనాన్ని కొట్టిన గోల్స్‌తో కొలిస్తే వెనక నిలబడేవాళ్లందరికీ అన్యాయం జరుగుతుంది. నేను హైదరాబాద్ లీగ్‌లో గోల్ కీపర్‌గా ఆడినవాణ్ని. నా ముందు నిలబడిన బ్యాక్‌లు ఆపిన గోల్స్ ఏ పేపర్లోనూ రాలేదు. గోల్ కొట్టిన డిఫెండర్ పేరు మాత్రం మర్నాడే వచ్చేది.

కొరియాలో అసలైన డిఫెండర్ గురించి రాయాలంటే కిమ్ హేరి గురించి రాయాలి. 2010లో జర్మనీలో జరిగిన అండర్-20 ప్రపంచ కప్‌లో కొరియా మూడో స్థానం తెచ్చుకున్నప్పుడు ఆ జట్టు కెప్టెన్ ఆమే. 2022 ఆసియా కప్‌లో మన దేశానికి వచ్చి ఫైనల్ దాకా వెళ్లిన జట్టుకూ ఆమే కెప్టెన్. ఎన్నో ఏళ్లు రైట్ బ్యాక్‌లో నిలబడింది. ఆమె గురించి ఎవరూ చర్చ మొదలుపెట్టరు, ఎందుకంటే ఆమె పని ఆపడం.

లెక్కల మాస్టారు | 18 జులై 2025

గోలీ గారు చెప్పింది నిజమే. అయితే ఆపడం ఒక్కటే చాలదని కొరియా జట్టుకే బాగా తెలుసు, 2018లో తెలిసొచ్చింది. చాలామందికి గుర్తుండదు కాబట్టి వివరంగా రాస్తాను.

2018 ఆసియా కప్, జోర్డాన్. కొరియా గ్రూప్‌లో ఆస్ట్రేలియా, జపాన్, వియత్నాం. కొరియా ఆస్ట్రేలియాతో 0-0, జపాన్‌తో 0-0, వియత్నాం మీద 4-0. ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. అటు ఆస్ట్రేలియా, జపాన్ మ్యాచ్ 1-1. ఆ రెండు జట్లూ వియత్నాంను ఓడించాయి. ముగ్గురికీ 5 పాయింట్లే. ఇప్పుడు రూలు ఏమిటంటే, సమానంగా ఉన్న మూడు జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లు మాత్రమే చూడాలి. అన్నీ డ్రాలే కాబట్టి పాయింట్లు సమానం, గోల్ తేడా సమానం. ఆ మ్యాచ్‌ల్లో ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారు? ఆస్ట్రేలియా 1, జపాన్ 1, కొరియా 0. కొరియా బయటికి.

గోల్ ఇవ్వకుండా, ఒక్క మ్యాచ్ ఓడకుండా సెమీస్‌కు వెళ్లలేకపోయారు. ఆ టోర్నీ ఫైనల్ ఆడింది ఎవరనుకున్నారు? అదే గ్రూప్ నుంచి వెళ్లిన జపాన్, ఆస్ట్రేలియా.

ఇప్పుడు 2025కి రండి. కొరియా, చైనా 2-2. కొరియా, జపాన్ 1-1. చైనా, జపాన్ 0-0. ముగ్గురూ తైపీని ఓడించారు. మళ్లీ ముగ్గురికీ 5 పాయింట్లు! మళ్లీ అదే రూలు! ఆ మూడు మ్యాచ్‌ల్లో కొట్టిన గోల్స్: కొరియా 3, చైనా 2, జపాన్ 1. కప్పు కొరియాకి.

ఆ 3 గోల్స్‌లో ఒకటి సుల్గిది, ఒకటి జీ సోయున్‌ది, ఒకటి జపాన్ మీద జంగ్ దాబిన్ కొట్టింది. చైనా మీద సుల్గి గోల్ పడకపోయి ఉంటే ఆ మ్యాచ్ 1-2తో పోయేది, కప్పు ఊసే ఉండేది కాదు. కాబట్టి గోలీ గారూ, డ్రా అయిన మ్యాచ్‌లో డిఫెండర్ కొట్టిన గోల్‌ని ఏదో అలంకారంగా చూడకూడదని నా మనవి.

పాత గోలీ | 18 జులై 2025

మాస్టారూ, ఈ పోలిక నేను ఎక్కడా చదవలేదు. చాలా బాగుంది. 2018 టోర్నీలో అయిదో స్థానం మ్యాచ్ కూడా చెప్పండి, అది లేకపోతే కథ సగమే.

లెక్కల మాస్టారు | 18 జులై 2025

అవునండీ. సెమీస్ పోయాక మిగిలిన ఒకే ఒక్క ఆశ, అయిదో స్థానం కోసం ఫిలిప్పీన్స్‌తో మ్యాచ్. గెలిచినవాళ్లకి 2019 ప్రపంచ కప్ బెర్తు. అరగంట దాటినా గోల్ లేదు. 34వ నిమిషంలో మొదటి గోల్ జాంగ్ సుల్గి. అక్కడి నుంచి తాళం తీసినట్టయింది, 5-0. ఇంకో డిఫెండర్ ఇమ్ సన్‌జు కూడా ఒకటి కొట్టింది. మొత్తం టోర్నీలో కొరియా ఒక్క గోల్ కూడా ఇవ్వకుండానే అయిదో స్థానంతో ఇంటికెళ్లింది.

ఇందూరు అమ్మాయి | 18 జులై 2025

ప్యాంగ్‌యాంగ్ సంగతి చెప్పండి అక్కా. ఆ టోర్నీలో మన ఇండియా కూడా ఆడింది కదా? పది గోల్స్ తిన్నామని విన్నాను.

విశాఖ లెఫ్ట్ బ్యాక్ | 18 జులై 2025

ఆడాం రా. ఇండియా మీద కొరియా 10-0. ఆ పది గోల్స్ చరిత్రలో ఎంత పెద్ద పాత్ర వేశాయో తెలిస్తే ఆశ్చర్యపోతావు. మొదటి నుంచి చెప్తాను.

2017 ఏప్రిల్. 2018 ఆసియా కప్ క్వాలిఫయర్లు. డ్రాలో దక్షిణ కొరియా, ఉత్తర కొరియా, ఇండియా, హాంకాంగ్, ఉజ్బెకిస్తాన్ ఒకే గ్రూప్‌లో పడ్డాయి. ఆతిథ్యం ప్యాంగ్‌యాంగ్. ఒక్క జట్టే ముందుకు వెళ్తుంది. ఆసియా కప్పే ప్రపంచ కప్ క్వాలిఫయర్ కూడా కాబట్టి, ఇక్కడ ఓడితే రెండూ పోయినట్టే. ఉత్తర కొరియా అప్పటికి ఆసియాలోనే గట్టి జట్లలో ఒకటి, వాళ్ల మీద దక్షిణ కొరియా గెలిచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

వెళ్లే ముందు కోచ్ యూన్ దొక్‌యో జట్టును మోక్‌పోలో పెట్టి, పెద్ద స్పీకర్లలో జనం హోరు వినిపిస్తూ ప్రాక్టీస్ చేయించాడు. ఒకరి మాట ఒకరికి వినపడని చోట ఆడటం అలవాటు కావాలని. తర్వాత బీజింగ్ మీదుగా ప్యాంగ్‌యాంగ్. పక్క దేశానికి వెళ్లడానికి మూడో దేశం మీదుగా తిరిగి వెళ్లాలి, అదీ వాళ్ల పరిస్థితి.

ఏప్రిల్ 7, కిమ్ ఇల్ సుంగ్ స్టేడియం. స్టేడియం కిటకిటలాడుతోంది, దక్షిణ కొరియాకు చప్పట్లు కొట్టేవాళ్లు ఒక్కరు లేరు. ఆ గ్రౌండ్‌లో దక్షిణ కొరియా జాతీయ గీతం మోగింది. ఆట మొదలవగానే ఉత్తర కొరియాకు పెనాల్టీ. గోల్ కీపర్ కిమ్ జంగ్‌మీ ఆపేసింది. గోలీ గారూ, ఆ సేవ్ మీరు తప్పక చూడాలి. మొదటి సగం చివర్లో ఉత్తర కొరియా గోల్. 0-1.

76వ నిమిషంలో బాక్స్‌లో జాంగ్ సుల్గికి బంతి దొరికింది. చుట్టూ ఎరుపు జెర్సీలే. షాట్ కొట్టింది, మధ్యలో డిఫెండర్‌కి తగిలి దారి మారి లోపలికి వెళ్లింది. 1-1. ఆ వీడియోలో గోల్ పడ్డాక వినిపించేది కొరియా అమ్మాయిల అరుపులే.

ఇక గోల్ తేడా. ఇండియా మీద ఉత్తర కొరియా 8-0తో గెలిస్తే దక్షిణ కొరియా 10-0. హాంకాంగ్ మీద వాళ్లు 5-0, వీళ్లు 6-0. ఉజ్బెకిస్తాన్ మీద ఇద్దరూ 4-0. లెక్క చూస్తే దక్షిణ కొరియా +20, ఉత్తర కొరియా +17. అలా దక్షిణ కొరియా ముందుకెళ్లింది. ఉత్తర కొరియా 2018 ఆసియా కప్, 2019 ప్రపంచ కప్ రెండూ పోగొట్టుకుంది. ఆ మూడు గోల్స్ తేడాలో రెండు మన ఇండియా మ్యాచ్‌ల నుంచే వచ్చాయి. మన గోల్ కీపర్, మన డిఫెండర్లు ఆ రెండు మ్యాచ్‌ల్లో ఆపిన ఒక్కొక్క బంతి, ఆపలేకపోయిన ఒక్కొక్క బంతి రెండు కొరియాల తలరాత రాసింది. మన పేపర్లలో '10-0తో చిత్తు' అని ఒక ముక్క వేసి వదిలేశారు.

ఇందూరు అమ్మాయి | 18 జులై 2025

ఒళ్లు గగుర్పొడిచింది అక్కా. మనవాళ్లు ఓడిన మ్యాచ్ గురించి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

మొదటిసారి చూస్తున్నా | 19 జులై 2025

అందరికీ నమస్కారం. నేను మగవాళ్ల ఫుట్‌బాల్ తప్ప చూడలేదు. ఒక డౌటు. ఈమె డిఫెండర్ అంటున్నారు, గోల్స్ లిస్టు చూస్తే స్ట్రైకర్‌లా ఉంది. అసలు ఏ పొజిషన్?

విశాఖ లెఫ్ట్ బ్యాక్ | 19 జులై 2025

మంచి ప్రశ్నండి. చిన్నప్పుడు ఫార్వర్డే. 2013లో ఆసియా అండర్-19 టోర్నీ కొరియా గెలిచినప్పుడు 8 గోల్స్‌తో టాప్ స్కోరర్, ఉత్తమ ప్లేయర్ కూడా తనే. సీనియర్ జట్టులో స్థిరపడే క్రమంలో వెనక్కి జరిగింది. సీనియర్ జట్టులో ముందు వరుసలో జీ సోయున్, యో మిన్‌జీ, చోన్ గాఉల్ లాంటి వాళ్లు ఉన్నప్పుడు చోటు దొరకడం కష్టం. ఫుల్ బ్యాక్‌లో (కుడి, ఎడమ అంచుల్లో ఆడే డిఫెండర్ స్థానంలో) మాత్రం పరుగు, బంతి మీద పట్టు రెండూ ఉన్న మనిషి కావాలి.

సుల్గిలా కుడి కాలితో ఆడే ప్లేయర్ ఎడమ వైపు నిలబడితే ఏమవుతుందో నా అనుభవం మీద చెప్తాను. లైన్ వెంట పరిగెత్తి క్రాస్ వేయాలంటే బంతిని ఎడమ కాలికి తీసుకోవాలి, ఆ అర సెకనులో ఎదుటివాళ్లు వచ్చేస్తారు. అందుకే చాలామంది ఆగిపోయి వెనక్కి పాస్ ఇస్తారు. సుల్గి అలా ఆగదు. బంతి రాకముందే ఒళ్లు లోపలికి తిప్పి ఉంచుతుంది. మొదటి టచ్‌తోనే బంతి గ్రౌండ్ మధ్యలోకి వెళ్తుంది, ఆమెను కాపలా కాసే వింగర్ వెనక పడిపోతుంది. అక్కడ నుంచి ఆమె మిడ్‌ఫీల్డర్. అందుకే తర్వాత తర్వాత కోచ్‌లు ఆమెను మధ్యలో కూడా ఆడించారు. మా స్కూల్ అమ్మాయిలకు నేను ఈ ఒక్క టచ్ మీదే గంటలు గంటలు ప్రాక్టీస్ చేయిస్తాను. ముందు భుజం తిప్పండి, తర్వాతే బంతి అంటాను.

పాత గోలీ | 19 జులై 2025

ఫార్వర్డ్‌గా ఆడినవాళ్లు ఫుల్ బ్యాక్ అయితే ఒక లాభం ఉంది. ఎదుటి ఫార్వర్డ్ ఏం ఆలోచిస్తుందో ముందే తెలుస్తుంది. నష్టం కూడా ఉంది. ముందుకు వెళ్లాక వెనక ఖాళీ. గోల్ కీపర్‌కి ఆ ఖాళీ చూస్తే గుండె దడ. నా రోజుల్లో లెఫ్ట్ బ్యాక్ హాఫ్ లైన్ దాటితే నేను పేరు పెట్టి అరిచేవాణ్ని. ఇప్పటి ఆటలో ఫుల్ బ్యాక్ ముందుకు వెళ్లకపోతే కోచ్ అరుస్తాడు. కాలం మారింది, నేను కాదనను.

2010 షూటౌట్ గురించి ఇంకా ఎవరూ రాయలేదు. అది నేను రాస్తాను, షూటౌట్ గోల్ కీపర్ల సొత్తు కాబట్టి.

2010 సెప్టెంబర్ 25. ట్రినిడాడ్‌లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్. అండర్-17 ప్రపంచ కప్ ఫైనల్, కొరియా, జపాన్. కొరియా ముందు గోల్ కొట్టింది, జపాన్ రెండు కొట్టింది, మొదటి సగం చివర్లో కొరియా సమం చేసింది, జపాన్ మళ్లీ ముందుకెళ్లింది, 79వ నిమిషంలో ఈ సోదమ్ దూరం నుంచి కొట్టిన షాట్‌తో 3-3. ఎక్స్‌ట్రా టైంలో గోల్ లేదు. పెనాల్టీలు. కొరియా మొదటి కిక్కే పోయింది. పదహారేళ్ల పిల్లలు! జపాన్ కూడా ఒకటి పోగొట్టుకుంది. అయిదేసి కిక్కులయ్యాక 4-4. జపాన్ ఆరో కిక్ క్రాస్‌బార్‌కి తగిలింది.

అప్పుడు వచ్చింది జాంగ్ సుల్గి. ఆరో కిక్ అంటే ఏమిటో ఆడినవాళ్లకు తెలుసు. మొదటి అయిదుగురిని కోచ్ ముందే ఖాయం చేసి రాసుకుంటాడు. ఆరో కిక్ దాకా రాదులే అనుకున్నవాళ్ల దగ్గరికి వస్తుంది. ఆ అమ్మాయి గోల్ కొట్టింది. 5-4. మగవాళ్లు, ఆడవాళ్లు, ఏ వయసు జట్టయినా సరే, ఫిఫా టోర్నీలో కొరియా గెలిచిన మొదటి కప్పు అది. పత్రికలన్నీ యో మిన్‌జీ గురించి రాశాయి. 8 గోల్స్, గోల్డెన్ బూట్, గోల్డెన్ బాల్ ఆమెవే కాబట్టి న్యాయమే. కానీ చివరి కిక్ ఈ పిల్లది.

నిజం చెప్తా | 20 జులై 2025

అందరూ పొగుడుతున్నారు, నేను ఇంకో వైపు చెప్తాను. సీనియర్ ప్రపంచ కప్‌లో ఏమైంది? 2019లో ఫ్రాన్స్ చేతిలో 0-4, నైజీరియా చేతిలో 0-2, నార్వే చేతిలో 1-2. మూడుకి మూడూ ఓటమి. 2023లో కొలంబియా 0-2, మొరాకో 0-1. జర్మనీతో డ్రా చేసుకుని వెనక్కొచ్చారు. ఒలింపిక్స్‌కు కొరియా మహిళల జట్టు ఇంతవరకూ ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆసియాలో పులులు, బయట పిల్లులు. ఈ తరం మొత్తం గురించి అంటున్నాను, సుల్గి ఒక్కదాని గురించి కాదు.

విశాఖ లెఫ్ట్ బ్యాక్ | 20 జులై 2025

ఫలితాలు మీరు చెప్పినవే, ఒప్పుకుంటాను. కానీ 'పిల్లులు' అనే మాట నాకు నచ్చలేదండి. నార్వే మ్యాచ్‌లో కొరియా ఇచ్చిన రెండు గోల్స్ రెండూ పెనాల్టీలే. ఆట నడుస్తుండగా ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. కొరియా గోల్ యో మిన్‌జీ కొట్టింది, 2010 జట్టు అమ్మాయే.

ఒలింపిక్స్ విషయంలో మీ బాధే నా బాధ. 2021లో చైనాతో ప్లేఆఫ్. గోయాంగ్‌లో 1-2తో ఓడి, సుజౌలో మొదటి సగంలోనే 2-0 ముందున్నారు. టోక్యో టికెట్ చేతిలో ఉంది. చైనా ఒకటి తిరిగి కొట్టి ఎక్స్‌ట్రా టైంకి లాగింది, అక్కడ వాంగ్ షువాంగ్ గోల్‌తో 2-2. నోటి దాకా వచ్చింది పోయింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

సువాన్ తెలుగోడు | 20 జులై 2025

జర్మనీతో డ్రాని అంత తేలిగ్గా తీసేయకండి. 2023 ఆగస్టు 3, బ్రిస్బేన్. అప్పటికి రెండు మ్యాచ్‌లు ఓడిన జట్టు. 6వ నిమిషంలో చో సోహ్యున్ గోల్. 42వ నిమిషంలో అలెగ్జాండ్రా పోప్ హెడర్‌తో సమం. తర్వాత జర్మనీ ఎంత గింజుకున్నా రెండో గోల్ రాలేదు. రెండుసార్లు ప్రపంచ విజేత జర్మనీ చరిత్రలో మొదటిసారి గ్రూప్ దశలోనే ఇంటికెళ్లింది.

ఇక్కడ గోలీ గారు చెప్పిన కిమ్ హేరి గుర్తొస్తుంది. 2010 అండర్-20 సెమీస్‌లో కొరియాను 5-1తో ఓడించింది ఇదే జర్మనీ. ఆ టోర్నీలో 10 గోల్స్‌తో టాప్ స్కోరర్ ఇదే పోప్. పదమూడేళ్ల తర్వాత కొరియా ఆ జట్టుకు దారి మూసేసింది.

పాత గోలీ | 20 జులై 2025

అదీ మాట. ఆ సెకండ్ హాఫ్ నేను రెండుసార్లు చూశాను. గోల్ కొట్టకుండా కూడా మ్యాచ్ తలరాత మార్చవచ్చని నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే.

మొదటిసారి చూస్తున్నా | 21 జులై 2025

వీళ్లు ఏ క్లబ్బుల్లో ఆడతారు? జీతాలు బాగానే ఉంటాయా?

సువాన్ తెలుగోడు | 21 జులై 2025

ఇది నాకు దగ్గరి విషయం, కాస్త రాస్తాను.

ఇక్కడి మహిళల లీగ్ పేరు డబ్ల్యూకే లీగ్, 2009లో మొదలైంది. ఎనిమిది జట్లు. చాలావరకు కంపెనీలు, నగరపాలక సంస్థలు, ప్రభుత్వ సంస్థలు నడిపేవే. మన దగ్గర రైల్వేస్, సర్వీసెస్ జట్ల పద్ధతి గుర్తొస్తుంది. ఇంచియాన్ హ్యుందాయ్ స్టీల్ రెడ్ ఏంజెల్స్ 2013 నుంచి 2023 వరకు వరుసగా 11 సార్లు లీగ్ గెలిచింది. సుల్గి 2016లో అక్కడ చేరి ఎక్కువ కాలం ఆడింది. కిమ్ హేరి, ఇమ్ సన్‌జు కూడా అక్కడే. జాతీయ జట్టు వెనక వరుస ఒకే క్లబ్బులో రోజూ కలిసి ఆడటం వల్లే 2018లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదని నా అభిప్రాయం.

అంతకుముందు 2015లో సుల్గి జపాన్ వెళ్లింది, ఐనాక్ కోబె క్లబ్బుకి. 2019 చివర్లో స్పెయిన్‌లో మాడ్రిడ్ సీఎఫ్ఎఫ్ క్లబ్బుతో ఒప్పందం. యూరప్‌లో తన ఆట చూపించుకునే టైం వచ్చిందనుకున్నాం. కొన్ని నెలలకే కరోనా, లీగ్ ఆగిపోయింది. 2020లోనే ఇంచియాన్‌కు తిరిగొచ్చింది. ఆమె కెరీర్‌లో నాకు బాధ కలిగించే భాగం ఇదే. అప్పుడు ఆమెకు 25 ఏళ్లు, ఫుల్ బ్యాక్‌కి సరైన వయసు. ఇంకో రెండేళ్లు అక్కడ ఆడి ఉంటే ఈ చర్చ తెలుగులో ఎప్పుడో జరిగేది. 2024 నుంచి గ్యోంగ్‌జు కేహెచ్ఎన్‌పీకి ఆడుతోంది, అది జల, అణు విద్యుత్ సంస్థ నడిపే జట్టు.

ఇక జీతం. ఈ లీగ్‌లో ఏడాదికి 5 కోట్ల వాన్ మించి జీతం ఇవ్వకూడదన్న పరిమితి చాలా ఏళ్లుగా ఉంటూ వచ్చింది. మన రూపాయల్లో సుమారు 30 లక్షలు. గెలిస్తే బోనస్‌లు వేరే. ఇక్కడి ఖర్చులకు అది మామూలు ఉద్యోగి జీతం. వందకు పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన మనిషికీ అదే గీత. అందుకే జీ సోయున్ లాంటి వాళ్లు బయటికి వెళ్లారు, కిమ్ హేరి 2025లో చైనాలో వుహాన్‌కు ఆడింది. లీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా వారం మధ్యలో పెడతారు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఎలా వస్తారు? మా ఆఫీసులో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కొరియా కుర్రాళ్లు కొల్లలు. మగవాళ్ల జట్టు స్టార్ సోన్ హ్యుంగ్‌మిన్ ప్రతి గోల్ నోటికి చెప్తారు. మొన్న అమ్మాయిలు కప్పు గెలిచిన సంగతి వాళ్లకి నేను చెప్పాల్సి వచ్చింది. నాకు కడుపు మండింది.

నిజం చెప్తా | 21 జులై 2025

జీతం సంగతి తెలియదు. ఈ పరిస్థితుల్లో జర్మనీని ఆపడం మామూలు విషయం కాదు. 'పిల్లులు' అన్న ఆ మాట వెనక్కి తీసుకోమంటే సంతోషంగా తీసుకుంటాను.

ఇందూరు అమ్మాయి | 22 జులై 2025

2022 ఆసియా కప్ ఇండియాలోనే జరిగింది కదా, దాని గురించి కూడా. మన జట్టులో కరోనా వచ్చి 13 మంది కూడా లేక, సొంత దేశంలో టోర్నీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. నేను ఏడ్చేశాను. ఆ తర్వాత కోపంతో కొన్నాళ్లు టీవీ పెట్టలేదు. మళ్లీ పెట్టినప్పుడు పూణెలో కొరియా, ఆస్ట్రేలియా క్వార్టర్ ఫైనల్ వస్తోంది. కొరియాకు దొరికిన పెనాల్టీ పోయింది. ఇక అయిపోయింది అనుకుంటే 87వ నిమిషంలో జీ సోయున్ దూరం నుంచి కొట్టిన షాట్. 1-0. స్టార్ స్ట్రైకర్ సామ్ కెర్ ఉన్న ఆస్ట్రేలియా జట్టు ఇంటికి! ఫైనల్ నవీ ముంబైలో, చైనా మీద 2-0 ముందుండి 2-3తో ఓడారు. చైనా మూడో గోల్ ఇంజురీ టైంలో. కొరియాకు అది మొదటి ఆసియా కప్ ఫైనల్. జాంగ్ సుల్గి కూడా ఆ జట్టులో ఉందని ఈ చర్చ చదివాకే తెలిసింది.

మా నిజామాబాద్ నుంచి గుగులోత్ సౌమ్య ఇండియాకు ఆడుతోంది. తండా నుంచి వెళ్లి క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది. మా గ్రౌండ్‌లో చిన్న పిల్లలు అందరూ ఆమెలా ఫార్వర్డ్ అవుతామంటారు. డిఫెన్స్‌లో నిలబడమంటే మొహం ముడుచుకుంటారు. వాళ్లకి ఇప్పుడు ఈ కొరియా అక్క వీడియోలు చూపిస్తాను.

విశాఖ లెఫ్ట్ బ్యాక్ | 22 జులై 2025

తప్పకుండా చూపించు. ముందు ప్యాంగ్‌యాంగ్ చూపించు, తర్వాత ఈ నెల జరిగిన చైనా మ్యాచ్. రెండింటికీ మధ్య ఎనిమిదేళ్లు. బాక్స్‌లోకి ఎప్పుడు వెళ్లాలో ఎంచుకునే తీరు గమనించమను. అనవసరంగా ఎక్కదు. మధ్యలో ఉన్న మిడ్‌ఫీల్డర్ వెనక్కి తగ్గి తన చోటు కాపాడుతోందో లేదో తల తిప్పి చూసుకుని, అప్పుడు వెళ్తుంది. గోలీ గారికి గుండె దడ తగ్గాలంటే ఆ తల తిప్పడమే మందు.

పాత గోలీ | 22 జులై 2025

ఆ తల తిప్పడం నేర్పుతున్నావంటే నీ దగ్గర నేర్చుకునే పిల్లలు అదృష్టవంతులమ్మా. నా అభ్యంతరం నాకు ఉంది, కిమ్ హేరి మీద గౌరవం అలాగే ఉంది. కానీ ఈ వారమంతా సుల్గి మ్యాచ్‌లే చూశాను. వెనక్కి పరిగెత్తేటప్పుడు కూడా ముందుకు వెళ్లినంత కసిగా పరిగెడుతుంది. అది చూశాక నాకు నమ్మకం కుదిరింది.

లెక్కల మాస్టారు | 30 జులై 2025

నిన్న సిడ్నీలో 2026 ఆసియా కప్ డ్రా తీశారు. కొరియా గ్రూప్-ఎలో ఆస్ట్రేలియా, ఇరాన్, ఫిలిప్పీన్స్‌తో. ఇండియా గ్రూప్-సిలో జపాన్, వియత్నాం, చైనీస్ తైపీతో. మనవాళ్లు ఈసారి థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదే ఓడించి అర్హత సాధించారు కాబట్టి డ్రాలో మన పేరు చూడటం మహా సంతోషంగా ఉంది.

12 జట్లు, మూడు గ్రూప్‌లు. ప్రతి గ్రూప్‌లో మొదటి ఇద్దరు, మూడో స్థానంలో ఉన్నవాళ్లలో మెరుగైన ఇద్దరు క్వార్టర్స్‌కు వెళ్తారు. ఆరు జట్లకు నేరుగా 2027 బ్రెజిల్ ప్రపంచ కప్ బెర్తు.

మొదటిసారి చూస్తున్నా | 30 జులై 2025

ఈ మ్యాచ్‌లు మనకు ఏ టైంకి వస్తాయి? ఈసారి మొదటి నుంచి చూడాలని ఉంది. కొరియా జట్టులో సుల్గి ఉంటుందా?

సువాన్ తెలుగోడు | 30 జులై 2025

జట్టు ప్రకటించడానికి ఇంకా చాలా టైం ఉంది. కోచ్ షిన్ సాంగ్‌వూ కొత్త పిల్లలకు బాగా అవకాశాలిస్తున్నాడు. కానీ ఉత్తమ ప్లేయర్ అవార్డు తీసుకున్న నెలలోనే ఆమెను పక్కన పెట్టే ఆలోచన ఎవరికీ ఉండదు.

టైం సంగతి. మార్చి 1న మొదలు, 21న ఫైనల్. మ్యాచ్‌లు సిడ్నీ, పెర్త్, గోల్డ్ కోస్ట్‌లలో. సిడ్నీ అప్పుడు మన కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి 7కి మ్యాచ్ అంటే మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. పెర్త్ రెండున్నర గంటలే ముందు, కాబట్టి అక్కడి సాయంత్రం మ్యాచ్‌లు మనకు తీరికగా చూసుకోవచ్చు. షెడ్యూల్ పూర్తిగా చూసుకుని కొరియా మ్యాచ్‌లకు, ఇండియా మ్యాచ్‌లకు వేరువేరుగా థ్రెడ్లు తెరుస్తాను. విశాఖ చెల్లీ, లెఫ్ట్ బ్యాక్‌ల గురించి రాసే బాధ్యత నీదే.

విశాఖ లెఫ్ట్ బ్యాక్ | 30 జులై 2025

సరే అన్నా. కొరియాకు ఆస్ట్రేలియా మ్యాచ్ అసలు పరీక్ష. మాస్టారు గారూ, మళ్లీ పాయింట్లు సమానమైతే లెక్క తేల్చే పని మీకు.